దొంగ పెండ్లి ఫోటోకు నర్సవ్వ జవాబు

నేను బాన్సువాడలో ఒక బీడీ కార్ఖానాలో చెకర్‌ని. పేరు శ్రీనివాస్. ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే. ఆడవాళ్లు ఇళ్లలో చుట్టిన బీడీలను సోమవారం, గురువారం సంచుల్లో పెట్టుకుని తెస్తారు. నేను కట్ట చేతిలోకి తీసుకుని వేళ్లతో నొక్కి చూస్తాను. గట్టిగా ఉంటే లోపలికి, వదులుగా ఉంటే పక్కకు. పక్కకు పడిన కట్టకు కూలి రాదు కాబట్టి నన్ను ప్రేమగా పలకరించే మనిషి ఆ వరండాలో ఒక్కరూ లేరు. దానికి నేనెప్పుడో అలవాటు పడిపోయాను.

అలవాటు పడలేకపోయింది ఒక్క నర్సవ్వకే. ఇన్నేళ్లలో ఆమె కట్టలు నేను పక్కకు తీసింది ఏడుసార్లో ఎనిమిదిసార్లో. తీసిన ప్రతిసారీ ఆమె కట్ట విప్పి, ఒక్కొక్క బీడీ నా ముక్కు దగ్గర పెట్టి, తప్పెక్కడుందో చూపించమని నిలదీసింది. ప్రతిసారీ నేనే ఓడిపోయాను. నూట యాభై మంది ఆడవాళ్ల ముందు ఓడిపోవడం ఎలా ఉంటుందో నన్నడగండి.

నర్సవ్వకు ఇప్పుడు అరవై రెండు. పుట్టిల్లు నస్రుల్లాబాద్. తొమ్మిదేళ్లకు తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించింది. పదకొండేళ్లకు చుట్టడం మొదలుపెట్టింది. పెళ్లయి బాన్సువాడ వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు తాను బీడీలు చుట్టే చాట కూడా తెచ్చుకుంది. భర్త తొందరగానే పోయాడు. ఒక్కడే కొడుకు, రామన్న. మస్కట్‌లో తాపీ పని, ఒక గదిలో పన్నెండు మంది, రెండేళ్లకోసారి ఇంటికి రావడం. కోడలు ప్రేమల కూడా బీడీలే చుడుతుంది. వాళ్ల కూతురు సహజ డిగ్రీ రెండో సంవత్సరం. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. నర్సవ్వకు అక్షరం ముక్క రాదు గానీ మనవరాలి విషయంలో ఒక పట్టింపు ఉంది. పిల్ల చెయ్యి చాట మీద పడకూడదు. సెలవుల్లో సరదాకు నాలుగు బీడీలు చుట్టబోయినా "లెవ్, పుస్తకం పట్టు" అని లేపేసేది.

సహజ హుషారైన పిల్ల. ఫోన్‌లో వీడియోలు తీసి ఇన్‌స్టాలో పెట్టేది. వాటిలో ఎక్కువ భాగం నర్సవ్వ తిట్లే. కుక్కర్‌ను తిట్టడం, కరెంటోళ్లను తిట్టడం, కోతిని తిట్టడం. ఒక వీడియోలో నేను కట్ట నొక్కే తీరును కళ్లు చికిలించి మరీ చేసి చూపించింది ముసలామె. దాన్ని నలభై వేల మంది చూశారట. నా భార్య కూడా చూసింది, ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ వీడియోలు ఎవరైనా చూసేలా బాహాటంగా ఉండేవి. దానికో కారణం ఉంది. రామన్నకు ఇన్‌స్టా లేదు. సహజ లింకు పంపితే గదిలో ఎవరి ఫోన్‌లోనో తెరిచి, పన్నెండు మందీ కలిసి చూసి, మస్కట్ నుంచి మెచ్చుకుంటూ కింద రాసేవాళ్లు. తాళం వేస్తే నాన్నకు కనిపించదని పిల్ల తాళం వేయలేదు. తన ఫోన్ నంబరు కూడా పేరు కింద పెట్టింది. ఆ సలహా నాదే. "మీ నాయన తాన ఫోన్ లేనప్పుడు పక్కోళ్లు చూసి నీకు చేస్తరు బిడ్డా, పెట్టు" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. దాని పక్కనే మా కార్ఖానా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు లింకు కూడా ఉండేది. ఆకు ఏ రోజు వస్తుందో, కార్ఖానా ఎప్పుడు బందో అందులో వేసేది సహజే. ఆ లింకు నొక్కి ఎవడైనా లోపలికి రావచ్చని మాలో ఎవరికీ తట్టలేదు.

మొన్న వేసవిలో ఒక సోమవారం నర్సవ్వ సంచి విప్పాను. మొదటి కట్ట బాగుంది. రెండోది వేళ్ల కింద మెత్తగా తగిలింది. మూడోది ఇంకా మెత్తగా ఉంది.

"నర్సవ్వా, గీ కట్టలు నీయి కావు."

"నా సంచిలకెళ్లి వచ్చినయ్, నాయి కాక ఎవలయి?"

"నీ చెయ్యి నాకెర్క లేదా? కొస మలిచిన తీరు సూడు. ఎవరో కొత్తోళ్లు చుట్టిన్రు."

కట్ట విప్పి నా ముక్కు దగ్గర పెడుతుందని కాస్త వెనక్కి జరిగాను. ఆమె విప్పలేదు. ఒక్కొక్క కట్టా తీసి చూసి, సగానికి పైగా మళ్లీ సంచిలో వేసుకుంది.

"పిల్లది చుట్టింది" అంది మెల్లగా. "ఎనిమిది రోజులాయె కాలేజి బందు వెట్టి. అడిగితె తలనొప్పి అంటది. పరీక్షలు రాయదట. నాతోని చుడుతదట."

"తలనొప్పి ఉన్నోళ్లు ఇన్ని కట్టలు చుట్టరు అవ్వా" అన్నాను.

ఆమె సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నర్సవ్వ మీద గెలిచాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత ఆమే చెప్పింది. కట్టలన్నీ సహజ ముందు పోసి, "శ్రీను పక్కకేసిండు. బాగ చుట్టలేదని అంటలేను. ఎందుకు చుట్టినవో గది చెప్పు" అందట. పిల్ల భళ్లున ఏడ్చి, ఫోన్ తీసి చేతిలో పెట్టింది.

'ప్రిన్స్' అని పేరు పెట్టుకున్నవాడెవడో నెల రోజుల కింద వీడియోలు బాగున్నాయని రాశాడు. తర్వాత మాట్లాడమన్నాడు. సహజ కుదరదని బ్లాక్ చేస్తే ఇంకో పేరుతో వచ్చాడు. దాన్నీ ఆపేస్తే ఈసారి నంబరుకే ఒక ఫోటో పంపాడు. మెడలో పూలదండ, పక్కన ఎవడో మగవాడు, పెళ్లికూతురు ముఖం మాత్రం సహజది. దాని కింద ఇలా ఉంది: వచ్చే ఆదివారం పొద్దున పదింటికి బిచ్కుంద బస్టాండ్‌కు ఒక్కదానివే రావాలి. రాకపోతే ఈ ఫోటో బీడీ గ్రూపులో పడుతుంది, మస్కట్‌లో మీ నాన్న గదికీ పోతుంది.

ఆ మర్నాడు సోమవారమే మొదటి పరీక్ష.

"గ్రూపుల పడితె పడనీ అవ్వా" అందట సహజ. "నాన్నకు పోతెనే భయమైతుంది. నాన్న ఇడికొచ్చి అడగలేడు. ఫోటో ఒక్కటే సూస్తడు. నమ్మితె ఎట్ల? ఎవ్వరికి చెప్పకు, నీ కాల్మొక్త."

నర్సవ్వ ఆ రాత్రంతా ఆలోచించిందని చెబితే అది అబద్ధం. ఆమె అంత ఓపికున్న మనిషి కాదు. చాయ్ తాగేంతసేపు ఆలోచించి, "వీనికి మన మీద ఉన్న జోరంత మనం నోరు మూసుకుంటమన్నదే గద. మూసుకోకుంటె వాని తాన ఏమున్నది?" అని కోడలి చేత అప్పటికప్పుడు రామన్నకు ఫోన్ కలిపించింది. సహజ తలుపు చాటుకు పరుగెత్తింది.

"కొడుకా, ఆదివారం నీ బిడ్డ పెండ్లి ఫోటో ఒకటి వస్తది. దొంగది. ఎవడో పిల్లను బెదిరిస్తుండు. వానికంటె ముందుగాల నేను చెప్తున్న."

ప్రేమల ఫోన్‌ను అందరికీ వినపడేలా పెట్టిందట. తలుపు చాటు నుంచి పిల్ల వింటోంది.

"పిల్ల అన్నం తిన్నదా?" అన్నాడు రామన్న.

ఆ ఒక్క మాటకు సహజ బయటికి వచ్చి ఫోన్ పట్టుకుంది. తండ్రీ కూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో నర్సవ్వ చెప్పలేదు, నేను అడగలేదు.

మంగళవారం పొద్దున్నే ముసలామె మా ఇంటి ముందుంది. "నంబరు పెట్టుమన్నది నువ్వే గద, స్టేషన్‌కు నువ్వే రా" అంది. తప్పించుకునే దారి లేదు. స్టేషన్‌లో రోజారాణి అనే కానిస్టేబుల్ మా మాట విన్నది. చిన్న వయసే గానీ పట్టి పట్టి అడిగింది. నంబరు ఎవరు పెట్టమన్నారని అడిగితే నర్సవ్వ వేలు నా వైపు తిప్పింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

"నీ తప్పేం లేదమ్మా, మంచి పని చేసిన్రు వచ్చి" అంది రోజారాణి సహజతో. "మొదాలు చెప్తున్న, బిచ్కుంద పోవద్దు. వాడు పంపినవి ఏవీ తీసెయ్యద్దు, అన్నీ ఫోటోలు కొట్టి నాకియ్యి. ఏమనకు, జవాబియ్యకు. సైబర్ నేరాల నంబరు 1930కి గూడ ఫిర్యాదు చేద్దాం."

అక్కడే కూర్చోబెట్టి సహజ చేత నంబరు తీయించింది, ఖాతాకు తాళం వేయించింది, గ్రూపు లింకు మార్పించింది. గ్రూపులో ఎవరిదో తెలియని నంబర్లు పదిహేడు తేలాయి. వాటిని తీసేద్దామా అని నేనడిగాను. "వాన్ని ఎల్లగొడితె ఇంకో దిక్కుకు పోతడు" అంది నర్సవ్వ. "మన కండ్ల ముందటనే ఉండనీ." రోజారాణి సరేనని పదిహేడు నంబర్లూ రాసుకుంది. వాడెవడో తేలడానికి కొన్ని రోజులు పడుతుందని మాత్రం చెప్పింది. ఆదివారానికి అయిదు రోజులే ఉన్నాయి.

గురువారం కార్ఖానా వరండా నిండా ఆడవాళ్లు ఉన్న సమయంలో నర్సవ్వ తంబాకు బస్తా మీద ఎక్కి కూర్చుంది. పక్కన సహజ ముఖానికి చున్నీ చుట్టుకుని నిలబడింది. ఏం చేయబోతోందో అర్థమై నేను దగ్గరికి పోయాను.

"అవ్వా, వద్దు. ఇంతమందిల పరువు పోతది."

"నీ కట్టలు నువ్వు సూస్కో శ్రీనూ. మా పరువు వాని జేబుల లేదు" అంది నన్ను పక్కకు నెడుతూ. తర్వాత గొంతు పెంచింది. "అక్కలారా, వదినెలారా! నా మనుమరాలి ఫోటోకు ఎవడో పెండ్లి దండేసిండు. ఆదివారం మీ ఫోన్లల్లకు వస్తది. దొంగది. ఇంకెవ్వలకు పంపకుండ్రి. ఎవలకన్న ఇంకో నంబరుకెళ్లి వస్తె తీసెయ్యకుండ్రి, నాకు తెచ్చి చూపియ్యుండ్రి. పిల్ల ఇగో, ఈడనే ఉన్నది. అడిగేదుంటె ఇప్పుడే మొకం మీద అడుగుండ్రి."

అంతలో వెనక వరుసలో సమ్మవ్వ లేచింది. కోటగిరి వైపు నుంచి ఆటోలో వచ్చే మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"నా బిడ్డకు గూడ పోయినేడు గిట్లనే ఫోటో పంపిండు ఎవడో" అంది. "నేను బిడ్డనే కొట్టిన. ఫోన్ పలగ్గొట్టిన, చదువు బందు వెట్టిన. నీ అసొంటి తెలివి నాకు లేకపాయె అక్కా."

ఆమె ఏడుస్తుంటే పక్కనున్న ఇంకో ఇద్దరు తమ ఇళ్ల సంగతులు చెప్పారు. నేను ఇరవై రెండేళ్లుగా వారానికి రెండుసార్లు చూసే ముఖాలు అవి. ఇంత మోస్తున్నారని నాకు తెలియదు. పరువు పోతుందని అన్నందుకు చాలా సిగ్గుపడ్డాను. సహజ మెల్లగా చున్నీ తీసి మెడ మీద వేసుకుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకే నర్సవ్వ వాకిట్లో ముప్పై మంది చేరారు. ఊరికే ఎందుకు కూర్చోవాలని చాటలు కూడా తెచ్చుకున్నారు. రోజారాణి మామూలు డ్రెస్సులో వచ్చింది. నేనూ వెళ్లాను, నన్నెవరూ పిలవకపోయినా. పది దాటింది. బిచ్కుంద బస్టాండ్‌లో వాడు ఎంతసేపు నిలబడ్డాడో గానీ, పది నలభైకి వాకిట్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. గ్రూపులో ఫోటో పడింది.

రోజారాణి చూసుకుని తలూపగానే సహజ తన చేత్తోనే దాన్ని తొలగించింది. ఫోటో గ్రూపులో ఉన్నది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే సమ్మవ్వ కళ్లద్దాలు పెట్టుకుని చూసేసింది.

"అగో, చేతులు సూడుండ్రి! ఏల్లు ఎంత నున్నగున్నయో. బీడీలోళ్ల ఇంట్ల బాసన్లు తోమే పిల్ల ఏల్లు గట్లుంటయా? వాడు మొకం అతికించిండు గని చేతులు మర్సిండు."

ముప్పై మంది విరగబడి నవ్వారు. వాళ్లతో పాటు సహజ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను.

ఎవరూ జవాబు ఇవ్వొద్దని రోజారాణి ముందే చెప్పింది. వింటారా? మా వాళ్లలో సగానికి పైగా రాయడం రాదు. గ్రూపులో ఏం చెప్పాలన్నా మైకు గుర్తు నొక్కి మాట్లాడటమే. మొదట నర్సవ్వ నొక్కింది. "ఓరి నీ బొంద వెట్ట, ఆడపిల్లకు దొంగ దండేస్తవా, దమ్ముంటె మా వాకిట్లకు రారా, చాటల వెట్టి చెరుగుత." తర్వాత సమ్మవ్వ. తర్వాత మద్నూర్ వైపు నుంచి కోడలుగా వచ్చినామె మరాఠీలో అందుకుంది. ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లు కూడా మొదలుపెట్టారు. పావుగంటలో అరవై గొంతులు వచ్చి పడ్డాయి. కొన్ని తిట్లు నేను పుట్టి పెరిగిన ఊళ్లోనే మొదటిసారి విన్నాను. రోజారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆపడానికి కాదు, నవ్వు దాచుకోవడానికి.

నెల రోజులుగా వాడు రాసి మాత్రమే బెదిరించాడు. అరవై మంది ఆడవాళ్ల తిట్లు తినేసరికి రోషం వచ్చింది. రాసే ఓపిక పోయింది. తానూ మైకు నొక్కాడు.

"ఏయ్ ముసలీ, ఒక్కొక్కళ్ల సంగతి చెప్తా... సూడుండ్రీ..." అని చివర సాగదీస్తూ ముక్కుతో మాట్లాడిన గొంతు వాకిట్లో మోగింది.

అందరూ ఆగిపోయారు. ఆ గొంతు నేనెరుగుదును. నేనే కాదు, బాన్సువాడ మొత్తానికి తెలుసు.

"అమ్మా... రండీ... మెత్తటి దుప్పట్లూ..." అని సమ్మవ్వ అదే సాగదీతతో అంది.

"కుర్చీలూ... బకెట్లూ..." అని ఇంకొకామె అందుకుంది.

ఊళ్లో ప్రచారం ఆటోల్లో దుప్పట్ల సేలుకీ, ప్లాస్టిక్ సామానుకీ వినిపించే గొంతు అది. అఖిలేశ్ అని ఇరవై నాలుగేళ్లవాడు ఆ ప్రకటనలు రికార్డు చేసి ఇస్తాడు. పొద్దున లేస్తే మా చెవుల్లో పడేది వాడి గొంతే. పేరు దాచాడు, ముఖం దాచాడు, నంబరు ఇంకెవరి పేరు మీదో తీసుకున్నాడు. బీడీలు చుట్టేవాళ్ల చేతులు ఖాళీ ఉండవు గానీ చెవులు ఖాళీగానే ఉంటాయి, రోజంతా వీధిలో పోయే ప్రతి ఆటోనూ వింటారు. ఈ సంగతి వాడికి తట్టలేదు.

రోజారాణి ఆ గొంతును రెండుసార్లు విని, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి, బండి తీసింది. మధ్యాహ్నం మూడింటికి వాడు స్టేషన్‌లో ఉన్నాడు. ఆ నంబరు సిమ్ వాడి దగ్గరే దొరికింది. ఫోన్‌లో ఇంకో ఆరుగురు ఆడపిల్లల ముఖాలకు కూడా పెళ్లి దండలు వేసి ఉన్నాయట. అందులో సమ్మవ్వ బిడ్డ ఉంది. సమ్మవ్వ ఆ సాయంత్రమే స్టేషన్‌కు పోయి, వేలిముద్ర వేయబోయి ఆగి, వచ్చీరాని అక్షరాలతో సంతకం చేసి వచ్చింది.

ఆడవాళ్లందరూ ఇంకా వాకిట్లో ఉండగానే మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. సహజ అందరికీ వినపడేలా పెట్టింది.

"బిడ్డా, నా గదికి గూడ వచ్చింది ఫోటో" అన్నాడు రామన్న. "పన్నెండు మందిమి కూసోని పన్నెండు ఫోన్లల్ల వాని మీద రిపోర్ట్ కొట్టినం. నాకు ఇన్‌స్టా లేకుండె, గందుకోసమని ఇయ్యాలనే తెర్పిచ్చుకున్న. ఇగ తాళం ఏసే ఉంచు నువ్వు, నేను బయట నిలవడి తలుపు కొడత, తియ్యి. రేపు మంచిగ రాయి."

సహజ అక్కడికక్కడే ఫోన్‌లో చూసి, రామన్న పేరు మీద వచ్చిన అభ్యర్థనను ఒప్పుకుంది. తాళం వేసిన తర్వాత ఆమె లోపలికి రానిచ్చిన మొదటి మనిషి ఆయనే.

సోమవారం పొద్దున నర్సవ్వ మనవరాలిని పరీక్ష సెంటర్ గేటు దాకా దిగబెట్టింది. ఆమె ఒక్కతే కాదు, బీడీల సంచులు పట్టుకున్న పదిహేను మంది వెంట నడిచారు. కాపలా మనిషి ఇదేం ఊరేగింపని అడిగితే, "మా పిల్ల పరీక్ష రాస్తుంది" అందట సమ్మవ్వ. తన బిడ్డ పేరు మళ్లీ ఎక్కడ రాయించాలో కూడా అతన్నే అడిగిందట.

కార్ఖానాకు అందరూ ఆలస్యంగా వచ్చారు. నేను కేకలేయలేదు. నర్సవ్వ తన సంచి నా ముందు పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని, కొట్లాటకు సిద్ధంగా నిలబడింది. నేను మొదటి కట్ట నొక్కాను. రెండోది, పదోది, ఇరవయ్యోది నొక్కాను. అన్నీ రాయిలా ఉన్నాయి, అన్నింటి కొసలూ ఒకే చేత్తో మలిచినవే. అయినా ఆఖరిది దాకా ఒక్కటీ వదలకుండా చూశాను.

"ఏంది గంతగనం ఎతుకుతున్నవ్? తప్పు దొరకలేదా?"

"నీ మనుమరాలి చెయ్యి ఎతుకుతున్న అవ్వా" అన్నాను. "ఒక్క బీడీల గూడ లేదు."